ఆకులు రాలాక పెరట్లో ఏం మిగలాలి: చలికాలం కోసం పొదల ఎంపిక

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఆకులు రాలిపోయాక నాలుగైదు నెలలు పెరడు బోసిగా ఉంటోంది, ఉన్న స్థలం చిన్నది, ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఏ పొదలు పెడితే చలికాలంలో కూడా చూడబుద్ధవుతుంది? నర్సరీలో అడిగితే "ఏడాది పొడుగునా పచ్చగా ఉండేవి నాలుగు పెట్టేయండి" అన్నారని కూడా రాశారు.

ఆ సలహాలో తప్పు లేదు గానీ అది సగం సలహా. పచ్చటి మొక్కలు నాలుగు వరసగా పెడితే అవి వేసవిలో ఎలా ఉంటాయో చలికాలంలోనూ అలాగే ఉంటాయి. రెండో ఏడాదికల్లా వాటిమీద కన్ను పడటం మానేస్తుంది. చలికాలపు తోటలో చూపు ఆగాలంటే అప్పుడే కనబడేది ఏదో ఉండాలి. ఆకు రాలాక బయటపడే కొమ్మ రంగు కావచ్చు, గడ్డకట్టే చలిలో విచ్చుకునే పువ్వు కావచ్చు, మోడు కొమ్మల మీద మిగిలిన ఎర్ర పండ్లు కావచ్చు. పచ్చటి పొద వీటి వెనక ఉండాలి, వీటి బదులు కాదు.

ఇదంతా మంచు కురిసే చోట, లేదా కనీసం గట్టి చలి పడి చెట్లు ఆకులు రాల్చే చోట ఉన్నవాళ్ళకే పనికొస్తుంది. కింద చెప్పే మొక్కల్లో చాలావాటికి కొన్ని వారాలు చలి తగలకపోతే సరిగా పూయవు.

మొక్క పేర్లలోకి వెళ్ళేముందు కిటికీ దగ్గర నిలబడండి. చలికాలంలో తోటలో తిరిగేది తక్కువ, లోపలినుంచి చూసేది ఎక్కువ. సింక్ దగ్గర నిలబడితే ఏం కనిపిస్తుంది, రోజూ కూర్చునే కుర్చీలోంచి ఏ మూల కనిపిస్తుంది, గేటు నుంచి గుమ్మం దాకా నడిచేటప్పుడు ఏ పక్కకి చూస్తారు అన్నది గమనించండి. మొక్కలు పెట్టాల్సింది ఆ రెండు మూడు చోట్లే. తోటంతా చలికాలానికి సిద్ధం చేయాలని చూస్తే చిన్న స్థలంలో వేసవి పాడవుతుంది. ఆ చోట్ల ఇప్పుడే, ఆకులు లేనప్పుడే, ఒక్కో కర్ర పాతి ఉంచండి. వసంతం వచ్చి అంతా పచ్చబడ్డాక ఎక్కడ ఖాళీ ఉందో మీకు అస్సలు గుర్తుండదు.

ఎండ కూడా చూసుకోవాలి. చలికాలంలో సూర్యుడు ఆకాశంలో కిందుగానే తిరుగుతాడు కాబట్టి వేసవిలో మంచి ఎండ పడే మూల ఇప్పుడు రోజంతా గోడ నీడలో ఉండొచ్చు. రంగు కొమ్మల పొదలకి చలికాలపు ఎండ నేరుగా తగలాలి, లేకపోతే ఆ రంగు మీద పెట్టిన ఆశంతా వృథా. ఫోన్‌తో ఆ చోటు ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చి చూడండి. రంగు తీసేస్తే ఎక్కడ ఆకారం ఉంది, ఎక్కడ ఏమీ లేదు అన్నది వెంటనే తెలిసిపోతుంది.

దూరాన్ని బట్టి కూడా ఎంపిక మారుతుంది. దూరంగా, కంచె దగ్గర ఉండేవాటికి రంగు, ఆకారం ముఖ్యం. గుమ్మం పక్కన ఉండేవాటికి వాసన, చిన్న పూలు ముఖ్యం. చాలామంది దీన్ని తిరగేసి, వాసన పూల పొదని ఎక్కడో మూల పెట్టి, మంచులో అక్కడిదాకా వెళ్ళలేక, అది పూసిన సంగతే తెలియకుండా కాలం గడుపుతుంటారు.

ఇక కొమ్మల రంగు. చలికాలం కోసం ఒక్క పొదే పెట్టగలిగితే ఏది అంటే నేను సందేహం లేకుండా డాగ్‌వుడ్ అంటాను. పూలు చూసుకునే పెద్ద డాగ్‌వుడ్ చెట్లు వేరు, ఇది నేలనుంచి గుబురుగా కర్రలు తన్నుకొచ్చే పొద రకం. కార్నస్ ఆల్బా జాతిలో 'సిబిరికా' అనేది ఎర్ర కొమ్మలకి పేరుపడింది. ఉత్తర అమెరికాకి చెందిన కార్నస్ సెరీసియాలో 'ఫ్లావిరామియా' రకం కొమ్మలు పసుపు కలిసిన ఆకుపచ్చలో ఉంటాయి. యూరప్ డాగ్‌వుడ్ కార్నస్ సాంగ్వినియాలో 'మిడ్‌వింటర్ ఫైర్' రకం కొమ్మ మొదట్లో పసుపుగా, మధ్యలో నారింజగా, కొసల్లో ఎర్రగా ఉంటుంది. దగ్గరికెళ్ళి ఒక కొమ్మని వేళ్ళతో తిప్పి చూడండి: ఎండ తగిలిన వైపు ఎరుపు ముదిరి ఉంటుంది, నీడ వైపు లేత పసుపు. ఆకుల చాటున వేసవంతా మామూలు రంగులో ఉన్న బెరడు, ఆకు రాలి వెలుతురు తగిలాకే ఇలా తేలుతుంది.

ఈ పొద కొనేముందు ఒక మాట గుర్తుపెట్టుకోవాలి: రంగంతా లేత కొమ్మలోనే. నిన్నటి వేసవిలో పెరిగిన కొమ్మకి ఉన్నంత రంగు ముదురు కొమ్మకి ఉండదు. మూడు నాలుగేళ్ళు కత్తెర వేయకుండా వదిలేస్తే బెరడు గోధుమ రంగుకి తిరిగి, పొద రెండున్నర మూడు మీటర్లు ఎదిగి, కింద బోడిగా, పైన గజిబిజిగా తయారవుతుంది. "మా డాగ్‌వుడ్‌కి రంగే రావట్లేదు" అనేవాళ్ళ పొదల్లో చాలామటుకు జబ్బేమీ ఉండదు, కత్తిరింపు లేకపోవడమే.

నాటాక మొదటి రెండేళ్ళు ముట్టుకోకండి, వేరు కుదురుకోనివ్వండి. ఆ తర్వాత చలికాలం చివర, మొగ్గలు పగలడానికి కొంచెం ముందు, కొమ్మలన్నీ నేలకి 5 నుంచి 8 సెంటీమీటర్ల ఎత్తులో కోసేయండి. మొదటిసారి చేసేటప్పుడు చెయ్యాడదు, చంపేస్తున్నామేమో అని టెన్షన్ పడతారు. ఏం కాదు, వేసవి ముగిసేసరికి మళ్ళీ మనిషి భుజం ఎత్తుకి వస్తుంది. కోసిన తర్వాత మొదట్లో కాస్త కంపోస్టు వేసి తడి ఆరకుండా చూడండి. అంత మొండిగా కోయడం ఇష్టం లేకపోతే ఏటా అన్నిటికన్నా ముదురు కొమ్మల్లో మూడో వంతు మాత్రం మొదలంటా తీసేయండి. రంగు కొంచెం తగ్గినా పొద ఎప్పుడూ నిండుగా ఉంటుంది, పూలు, కాయలు కూడా కొన్ని మిగులుతాయి. చిన్న పెరట్లో నాకు ఈ రెండో పద్ధతే నచ్చుతుంది, ఎందుకంటే వసంతంలో కిటికీ ముందు ఒక్కసారిగా గుండు కనబడదు. 'మిడ్‌వింటర్ ఫైర్' మిగతావాటంత బలమైనది కాదు, దానికైతే మూడో వంతు పద్ధతే మంచిది. పైగా అది పక్కలకి పిలకలు వేస్తుంది, వాటిని ఏటా పారతో తెగ్గొట్టాలి.

ఏటా ఒక గంట కత్తెర పట్టే ఓపిక లేదనుకుంటే మాత్రం డాగ్‌వుడ్ కొనకండి. దాని వేసవి అందం అంతంత మాత్రమే. తెల్లంచు ఆకుల 'ఎలెగాంటిస్సిమా' రకం అయితే వేసవిలో కూడా చూడటానికి బావుంటుంది, చలికాలంలో కొమ్మలు ముదురు ఎరుపులో ఉంటాయి. స్థలం తక్కువ ఉన్నవాళ్ళకి రెండు పనులూ చేసే ఇలాంటి రకమే లాభం.

ఎర్ర కొమ్మల వెనక ముదురు ఆకుపచ్చ ఉంటే రంగు రెట్టింపవుతుంది. తెల్ల మంచు ముందు కూడా బ్రహ్మాండంగా కనిపిస్తుంది. ఎర్ర ఇటుక గోడ ముందు పెడితే పొద ఉన్నట్టే తెలియదు, అక్కడ పసుపు కొమ్మల రకం పెట్టుకోవాలి. ఒక్క పొద ఒంటరిగా కంటే మూడు దగ్గర దగ్గరగా పెడితేనే రంగు ఒక ముద్దగా కనబడుతుంది.

ఇదే కోవలో విల్లో రకాలు కూడా ఉన్నాయి, నారింజ కొమ్మల 'బ్రిట్జెన్సిస్' చాలా బావుంటుంది. కానీ విల్లో వేళ్ళు నీటి కోసం చాలా దూరం పాకుతాయి. డ్రైనేజీ పైపుల దగ్గర, ఇంటి గోడ దగ్గర వద్దు, చిన్న పెరట్లో అసలే వద్దు. తెల్లటి పొడి పూసినట్టుండే ముళ్ళ కొమ్మల రూబస్ కాక్‌బర్నియానస్ కూడా ఫొటోల్లో అద్భుతంగా ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో ఆ ముళ్ళు, అలా పక్కలకి పాకిపోయే గుణం మీకు పనికిరావు.

పూల విషయానికొస్తే, విచ్ హేజెల్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీన్ని తొందరపడి కొని నిరాశపడేవాళ్ళు ఎక్కువ. పువ్వుకి నాలుగు రేకులు, ఒక్కోటీ సన్నగా, పొడుగ్గా, పసుపు కాగితాన్ని కత్తెరతో రిబ్బన్లుగా చీల్చి నలిపినట్టు ముడతలతో ఉంటుంది. మధ్యలో ముదురు ఎరుపు గిన్నె. బాగా చలి వేసిన రాత్రి ఆ రేకులు మొగ్గలోకి చుట్టుకుపోతాయి, మర్నాడు ఎండ తగిలితే మళ్ళీ విప్పుకుంటాయి. అందుకే ఈ పూలు మంచుకి మాడిపోకుండా వారాల తరబడి నిలుస్తాయి. చలికాలం నడిమధ్య పూసేవాటిలో ఇంత చలి తట్టుకునేవి చాలా తక్కువ.

తోటల్లో ఎక్కువగా కనబడేవి చైనా, జపాన్ జాతుల సంకరం, హమామెలిస్ (విచ్ హేజెల్ శాస్త్రీయ నామం) ఇంటర్మీడియా రకాలు. 'ఆర్నల్డ్ ప్రామిస్' ముదురు పసుపు. అమెరికాలోని చెట్ల పరిశోధన తోట ఆర్నల్డ్ ఆర్బొరీటమ్‌లో 1928లో వేసిన విత్తనాల నుంచి వచ్చి, 1963లో బయటికొచ్చింది. రాగి రంగు 'యెలేనా', ఎరుపు 'డయాన్' రెండూ బెల్జియంలోని కాల్మ్‌టౌట్ ఆర్బొరీటమ్‌వి. ఆ తోట నడిపిన యెలేనా డి బెల్డర్ పేరు ఒకదానికి, ఆమె కూతురి పేరు రెండోదానికి పెట్టారు. ఎరుపు రకాలు ఫొటోల్లో చూసి మనసు పారేసుకుంటారు గానీ దూరంనుంచి చూస్తే మోడు కొమ్మల్లో ఎరుపు కలిసిపోతుంది, వాసన కూడా అంతంతే. కిటికీలోంచి కనబడాలంటే, గుమ్మం దాకా వాసన రావాలంటే లేత పసుపు 'పాలిడా' గానీ, చైనా జాతి హమామెలిస్ మోలిస్ గానీ తీసుకోండి.

ఇది నెమ్మదిగా పెరిగే పొద. చివరికి మూడు నాలుగు మీటర్ల ఎత్తు, దాదాపు అంతే వెడల్పు అవుతుంది. చిన్న స్థలంలో ఒక్కటి చాలు, దానికి కావాల్సిన వెడల్పు మొదటే వదలాలి. తర్వాత కత్తిరించి అణచాలని చూస్తే ఆకారం పోతుంది. తప్పనిసరైతే పూలు అయిపోగానే కత్తిరించాలి. వచ్చే చలికాలపు మొగ్గలు వేసవిలోనే కడతాయి కాబట్టి ఎండాకాలంలో నీళ్ళు తగ్గితే ఆ దెబ్బ ఆర్నెల్ల తర్వాత తెలుస్తుంది. పూలు సరిగా రాలేదని చలికాలంలో ఎరువు వేసేవాళ్ళని చూస్తుంటాను. అప్పుడు వేసి లాభం లేదు, ఎండాకాలంలో నీళ్ళు పెట్టాల్సింది.

ఇంకొక చిక్కు: ఈ రకాలన్నీ సాధారణంగా అమెరికా విచ్ హేజెల్ వేరు మీద అంటు కట్టి అమ్ముతారు. అంటు కిందినుంచి వచ్చే పిలకలని వదిలేస్తే కొన్నేళ్ళకి అవే పొదని మింగేస్తాయి. అవి ఆకు రాలే సమయంలోనే పూస్తాయి గనక, మీ విచ్ హేజెల్ కొన్ని కొమ్మల్లో ముందే చిన్న పసుపు పూలు పూస్తే సంతోషించకండి, వెంటనే ఆ కొమ్మలు మొదలంటా తీసేయండి. కొన్ని మొక్కలు ఎండిన ఆకుల్ని రాల్చకుండా పూల మీదే వేలాడదీస్తాయి. కాబట్టి పూసినప్పుడు నర్సరీకి వెళ్ళి, కళ్ళతో చూసి, వాసన చూసి కొనండి. నేల కాస్త ఆమ్ల గుణంతో, తడి నిలుపుకుంటూ, నీరు నిలవకుండా ఉండాలి. సున్నపు నేలలో ఆకులు పాలిపోతాయి.

మీ దగ్గర చలి మరీ తీవ్రమైతే, అంటే సున్నాకి దిగువన 29 డిగ్రీల దాకా పడిపోతుంటే, ఈ సంకర రకాలకి అదే హద్దు. అలాంటి చోట అమెరికా జాతి వెర్నాలిస్ మేలు. పువ్వు చిన్నదే గానీ మొండిది, వాసన ఉంటుంది.

మిగతా పూల పొదల సంగతి త్వరగా చెప్పేస్తాను. గుమ్మం పక్కన నీడలో పెట్టుకోవడానికి సార్కోకోక్కాని మించింది నాకు తెలియదు. స్వీట్ బాక్స్ అంటారు. మోకాలి నుంచి నడుము ఎత్తు, మెరిసే చిన్న ఆకులు, ఆకుల మొదట్లో తెల్లటి పోగుల్లాంటి పూలు. పువ్వు కంటికి కనబడకముందే వాసన తగులుతుంది. చెట్ల కింద పొడి నీడలో కూడా బతుకుతుంది. మరీ గట్టి చలికి మాత్రం ఆగదు. మహోనియా 'చారిటీ' పెద్ద ముళ్ళ ఆకులతో, పైన పసుపు పూల గెలలతో హుందాగా ఉంటుంది, నీడ ఓర్చుకుంటుంది. కానీ రాలిన ఎండాకుల ముళ్ళు చిన్నపిల్లల కాళ్ళకి గుచ్చుకుంటాయి, మీరు దాన్ని వదిలేయండి. వైబర్నమ్ బాడ్నంటెన్స్ 'డాన్' గులాబీ పూలతో ఆకులు రాలినప్పటినుంచి వసంతం దాకా విడతలు విడతలుగా పూస్తుంది. గట్టి మంచుకి ఒక విడత నల్లబడినా చలి తగ్గగానే ఇంకో విడత విచ్చుకుంటుంది. వేసవిలో చూడటానికి ఏమీ ఉండదు, రెండున్నర మూడు మీటర్లు లేస్తుంది, కాబట్టి వెనక వరసలోనే. వింటర్‌స్వీట్ వాసన అమోఘం, కానీ విత్తనం మొక్క పూయడానికి ఏళ్ళు పడుతుంది, ఎండ కాసే గోడ కావాలి. వింటర్ జాస్మిన్‌కి పేరులో మల్లె ఉంది గానీ వాసన లేదు. అయినా కంచె మీంచి వేలాడదీయడానికి పచ్చటి కొమ్మల మీద ఆ పసుపు పూలు చక్కగా ఉంటాయి, పూలవగానే కత్తిరించకపోతే చిక్కుపడిపోతుంది.

డాఫ్నీ గురించి మీరు తప్పకుండా వింటారు. హిమాలయాల్లో పెరిగే డాఫ్నీ భోలువా బెరడుతోనే నేపాల్ చేతికాగితం చేస్తారు. దాని తోట రకం 'జాక్వెలిన్ పోస్టిల్' వాసన ఒకసారి చూసినవాళ్ళు మర్చిపోరు. అయితే డాఫ్నీ మొక్క అంతా విషమే, పండ్లు మరీను. మీ ఇంట్లో వద్దు.

పండ్ల పొదల్లో వింటర్‌బెర్రీకి సాటి లేదు. ఇది ఆకులు రాల్చే హాలీ (హాలీ, అంటే ఐలెక్స్, చాలావరకు ఏడాది పొడుగునా పచ్చగా ఉండే పొద). ఆకులన్నీ పోయాక కొమ్మ కనబడనంతగా ఎర్ర పండ్లు అంటిపెట్టుకుని ఉంటాయి. సున్నాకి దిగువన 40 డిగ్రీల చలిని కూడా తట్టుకుంటుంది, నీరు నిలిచే మూల కూడా దీనికి ఇష్టమే. ఆమ్ల నేల మాత్రం తప్పనిసరి. ఇందులో ఆడ మొక్క, మగ మొక్క వేరు. మగది దగ్గర్లో లేకపోతే ఆడదానికి పండ్లు రావు. మగది ఉన్నా, రెండూ ఒకేసారి పూయాలి. ముందుగా పూసే 'రెడ్ స్ప్రైట్'కి 'జిమ్ డాండీ', ఆలస్యంగా పూసే 'వింటర్ రెడ్'కి 'సదరన్ జెంటిల్‌మన్' జోడీ. ఒక మగ మొక్క అరడజను ఆడ మొక్కలకి సరిపోతుంది, దాన్ని 15 మీటర్ల లోపు కనబడని మూల ఎక్కడైనా పెట్టొచ్చు. చిన్న స్థలానికి 'రెడ్ స్ప్రైట్' బావుంటుంది, మీటరు, మీటరున్నర దాటదు. లేబుల్ మీద రకం పేరు లేకుండా ఉత్త వింటర్‌బెర్రీ అని ఉంటే కొనకండి, అది ఆడదో మగదో పూసేదాకా ఎవరూ చెప్పలేరు.

మామూలు హాలీల పేర్లు చూసి కూడా మోసపోకండి. 'గోల్డెన్ కింగ్' ఆడ మొక్క, 'గోల్డెన్ క్వీన్' మగ మొక్క. పేరు పెట్టినవాళ్ళు ఏం ఆలోచించారో గానీ, రాణి కదా అని రెండోది తెచ్చుకుని పండ్ల కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసేవాళ్ళు ఉన్నారు.

పండ్లు చలికాలమంతా ఉంటాయని మాత్రం లెక్క వేసుకోకండి. గడ్డకట్టి, కరిగి, మెత్తబడ్డాక పక్షుల గుంపు వస్తే ఒక్క రోజులో ఖాళీ చేస్తుంది. కిటికీలోంచి అది చూడటం కూడా బావుంటుందనుకుంటేనే పండ్ల పొద పెట్టుకోండి. ఊదా రంగు పూసల పండ్ల బ్యూటీబెర్రీ కూడా ఉంది, రెండు మూడు మొక్కలు దగ్గరగా ఉంటే బాగా కాస్తుంది, చిన్న పెరట్లో దానికంత చోటు ఇవ్వక్కర్లేదని నా ఉద్దేశం.

ఇప్పుడు నర్సరీవాళ్ళు చెప్పిన పచ్చటి పొదలు. అందరూ ముందు కత్తిరించి ఆకారమిచ్చే చిన్నాకుల బాక్స్‌వుడ్ చూపిస్తారు. యూరప్, ఉత్తర అమెరికాల్లో దానికిప్పుడు రెండు శత్రువులు: ఆకులు మచ్చలుపడి రాలిపోయే బాక్స్ బ్లైట్ అనే శిలీంధ్రం, ఆకుల్ని జల్లెడ చేసే బాక్స్ ట్రీ మాత్ గొంగళిపురుగు. చుట్టుపక్కల తోటల్లో ఏది కనబడినా బాక్స్‌వుడ్ జోలికి పోకండి. జపాన్ హాలీ ఐలెక్స్ క్రెనాటా ఆకులు చూడటానికి అచ్చం అలాగే ఉంటాయి, ముళ్ళుండవు. చలి ఎక్కువైతే ఐలెక్స్ గ్లాబ్రా, అంటే ఇంక్‌బెర్రీ మేలు. కత్తిరించి గోడలా చేయడానికి యూ చెట్టుకి సాటి లేదు, ముదురు కొమ్మ కోసినా మళ్ళీ చిగురిస్తుంది. కంచెలకి వాడే ఇంకో పచ్చటి చెట్టు థూజా అలా కాదు, ఆకులేని ముదురు కొమ్మలోకి కోస్తే అక్కడ బోడిగానే ఉండిపోతుంది. కానీ యూ విత్తనం, ఆకు రెండూ ప్రాణాంతకమైన విషం. పిల్లలకి నోట్లో పెట్టుకునే వయసు దాటేదాకా ఆగండి.

రోడోడెండ్రాన్ ఆకులు కూడా విషమే. అయినా దాని గురించి ఒక మాట: చలి గడ్డకట్టే స్థాయికి దిగేకొద్దీ దాని ఆకులు కిందికి వాలి, నిలువునా గొట్టంలా చుట్టుకుంటాయి, వేడెక్కగానే తెరుచుకుంటాయి. మొక్క చచ్చిపోతోందని కంగారుపడి పీకేసినవాళ్ళున్నారు. అది దాని పద్ధతి, వదిలేయండి.

పచ్చటి పొదలు చలికాలంలో చనిపోయేది ఎక్కువగా చలికి కాదు, దాహానికి. నేల గడ్డకట్టి వేరు నీళ్ళు తీసుకోలేదు, పైన ఎండ, గాలి ఆకులోంచి నీరు లాగేస్తుంటాయి. వసంతంలో గాలి తగిలే వైపు ఆకులు గోధుమ రంగుకి మాడి ఉంటే ఇదే కారణం. నేల గడ్డకట్టేదాకా, ముఖ్యంగా నాటిన మొదటి ఏడాది, వారానికోసారి బాగా తడపండి. గాలి విసురు ఎక్కువగా ఉండే వైపు కర్రలు పాతి గోనెపట్టా కట్టండి, మొక్కకి మాత్రం చుట్టకండి. మంచు బరువుకి కొమ్మలు వంగితే చీపురుతో కిందినుంచి పైకి మెల్లిగా ఎత్తి దులపండి. ఐసు గడ్డకట్టి ఉంటే ముట్టుకోవద్దు, కొడితే కొమ్మే విరుగుతుంది, కరిగాక అదే లేస్తుంది.

పూలు ఎండిపోయినా అందంగా ఉండేవి కూడా లెక్కలోకి తీసుకోవచ్చు. హైడ్రేంజియా పానిక్యులాటా రకాల పూగుత్తులు ఎండి, లేత గోధుమ రంగులో మంచు పట్టుకుని నిలుస్తాయి. వాటిని ఆకులు రాలగానే శుభ్రం చేయాలన్న తొందరలో కోసేయకండి, చలికాలం చివర కోస్తే చాలు. ఓక్‌లీఫ్ హైడ్రేంజియా ఇంకా మంచి బేరం: వేసవిలో పూలు, తర్వాత ఎర్రబారే ఆకులు, చలికాలంలో పొరలు పొరలుగా ఊడే దాల్చిన రంగు బెరడు.

కొనకూడనివి కొన్ని చెప్తాను. బర్నింగ్ బుష్, జపాన్ బార్బెర్రీ రెండూ ఆకు రాలే ముందు ఎర్రగా మెరుస్తాయి గనక చలికాలపు జాబితాల్లో తరచూ కనిపిస్తాయి. అవి అడవుల్లోకి పాకిపోతున్నాయని అమెరికాలో పలు రాష్ట్రాలు అమ్మకాన్నే నిషేధించాయి. కొనేముందు మీ ప్రాంతపు నిషేధిత జాబితా ఒకసారి చూసుకోండి. నండీనా అనే పచ్చటి పొద ఎర్ర పండ్లలో సైనైడ్‌నిచ్చే పదార్థాలుంటాయి. 2009లో జార్జియా రాష్ట్రంలో అవి కడుపునిండా తిన్న సెడార్ వాక్స్‌వింగ్ పక్షులు పదుల సంఖ్యలో చచ్చిపడ్డాయి. పండ్లు కాయని రకాలు ఉన్నాయి, కావాలంటే అవే తీసుకోవాలి.

చలి లెక్క చూసుకోవడానికి అమెరికా వ్యవసాయ శాఖ జోన్ మ్యాప్, 1 నుంచి 13 దాకా, అందరూ వాడతారు. 2023లో దాన్ని కొత్తగా సవరించారు. బ్రిటన్‌లో ఆర్‌హెచ్‌ఎస్ (రాయల్ హార్టికల్చరల్ సొసైటీ) వాళ్ళ హెచ్1 నుంచి హెచ్7 దాకా రేటింగ్ ఉంటుంది, హెచ్7 అన్నిటికన్నా మొండిది. జోన్ అంటే ఏటా పడే కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటు మాత్రమే. గాలి, నేల తడి, నడిచలికాలంలో వచ్చే అకాల వేడి ఇవేవీ అందులో ఉండవు. కుండీలో పెట్టేవాళ్ళు రెండు జోన్ల మొండితనం ఎక్కువ ఉన్నది తీసుకోవాలి, ఎందుకంటే కుండీలో వేరుకి చుట్టూ నేల అండ ఉండదు.

కుందేళ్ళు తిరిగే చోటైతే లేత విచ్ హేజెల్ మొదలు చుట్టూ ఆకు రాలేలోపే జాలీ కట్టండి. మంచు పేరుకున్నాక దానిమీద నిలబడి కుందేలు ఇంకా పైకి అందుకుంటుంది కాబట్టి జాలీ ఎత్తుగా ఉండాలి. మల్చింగ్ (నేల మీద పరిచే ఎండాకులు, చెక్కపొట్టు) కాండానికి ఆనించకండి, ఎలుకలు అందులో దాక్కుని బెరడు కొరుకుతాయి. బెరడు చుట్టూతా పోయిందా, ఇక ఆ మొక్క అంతే.

మీ పెరటి సంగతికొస్తే, మీరు చెప్పిన చిన్న స్థలానికి నేనైతే ఇలా పెడతాను. కిటికీ ఎదురుగా కంచెకి ఆనించి ఐలెక్స్ క్రెనాటా మూడు, భుజం ఎత్తుకి కత్తిరించి ఉంచాలి. వాటిముందు, ఎండ నేరుగా పడే చోట 'మిడ్‌వింటర్ ఫైర్' మూడు. ఒక పక్కన, తన వెడల్పుకి సరిపడా చోటు వదిలి, 'పాలిడా' విచ్ హేజెల్ ఒకటి. గుమ్మం పక్క నీడలో సార్కోకోక్కా రెండు. విచ్ హేజెల్ కింద స్నోడ్రాప్ గడ్డలు గుప్పెడు, ఎండ ఉన్న అంచున చలికాలంలో పూసే ఎరికా కార్నియా అనే పొట్టి పొద కొంచెం. హాలీ జాతి పండ్లు, ఐలెక్స్ క్రెనాటా నల్ల కాయలతో సహా, తింటే వాంతులవుతాయి. కాబట్టి కాయలు రాకుండా మగ రకం అడిగి తీసుకోండి. స్నోడ్రాప్ గడ్డలు కూడా తినకూడనివే, నాటేటప్పుడు పిల్లల చేతికి ఇవ్వొద్దు. సార్కోకోక్కా నల్ల కాయలు కూడా వాళ్ళకి అందకుండా కోసేస్తే నిశ్చింత. చలి అక్కడ సార్కోకోక్కాకి మించినదైతే దాని బదులు గుమ్మం దగ్గర పొట్టి రకం హైడ్రేంజియా పానిక్యులాటా పెట్టి, వాసన సంగతి విచ్ హేజెల్‌కి వదిలేయండి.

ఒక్కసారే అన్నీ కొనక్కర్లేదు. డాగ్‌వుడ్ ఒక్కటి తెచ్చుకుంటే మిగతా రెండూ దాన్నుంచే వస్తాయి. చలికాలంలో పెన్సిల్ లావు కొమ్మలు జానెడు పొడవున కోసి, కింది కోత మొగ్గ దిగువన తిన్నగా, పై కోత ఏటవాలుగా ఉంచండి, ఏది పైనో మర్చిపోకుండా. మూడింట రెండు వంతులు మట్టిలో దిగేలా గుచ్చి, వచ్చే ఏడు ఆకు రాలేదాకా కదపకండి. చాలామటుకు వేరు పడతాయి, అయినా నాలుగైదు ఎక్కువే గుచ్చుకోండి.